పన్నీరుబుడ్డి పరీక్ష

కొత్తగెడ్డ రాజావారి దివాణంలో వెండి పన్నీరుబుడ్డి మాయమైన రోజున, దాన్ని ఎవరు తీశారో దివాణంలో అందరికీ తెలుసు. రాజావారి బావమరిది నరసరాజుగారు దాన్ని పంచె మడతలో దోపుకొని పెరటి గుమ్మంలోంచి వెళ్తూంటే వంటవాళ్ళు చూశారు. గుర్రాలవాడు చూశాడు. మేడమీంచి రాణిగారు కూడా చూసి, తమ్ముడి నడక వంకరగా ఉందేమిటి, నడుం గాని పట్టిందా అని విచారించారు.

అందువల్ల పోలీసులు వచ్చి జోగులును పట్టుకున్నారు.

జోగులు ఆ దివాణంలో నౌకరు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే దివాణం వంటింటి అరుగు మీదే పెరిగాడు. దర్బారుకి వచ్చినవాళ్ళ మీద ఆ బుడ్డితో పన్నీరు చల్లడం అతని పని. ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు బుడ్డిని ముట్టుకున్నవాడు అతనే కాబట్టి, ఆఖరిసారి ముట్టుకున్నవాడు కూడా అతనే అయి తీరాలని ఇనస్పెక్టరు తేల్చాడు.

కోర్టులో జోగులు నిజం చెప్పాడు. "నాను తియ్యలేదు బాబూ. నరసరాజు బాబుగారు అట్టుకెళ్ళారు" అన్నాడు. వంటవాళ్ళనీ గుర్రాలవాడినీ పిలిచి అడిగారు. చూడడం తమ ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి తామేమీ చూడలేదని వాళ్ళు ప్రమాణం చేశారు. రాజావారు మాత్రం ధర్మంగానే మాట్లాడారు. జోగులు మంచివాడనీ, ఇరవై ఏళ్ళుగా తమకి నమ్మకస్తుడనీ చెప్పారు. సర్కారు ప్లీడరు వెంటనే లేచి, నమ్మకం ఉన్నచోటే నమ్మకద్రోహం జరుగుతుంది గనక రాజావారి సాక్ష్యంతో నేరం ఇంకా బలపడిందన్నాడు.

ఆ ఏడు జిల్లాలో దొంగతనాలు విపరీతంగా జరిగాయి. దొంగలు దొరకలేదు. దొరికినవాడు జోగులు ఒక్కడే. జడ్జీగారు న్యాయబుద్ధి కలవారు. చేసిన నేరాలకి శిక్ష పడకుండా పోవడం ఆయనకి కిట్టదు. అంచేత దొరకని వాళ్ళందరి శిక్షా కలిపి దొరికినవాడికి వేశారు. యావజ్జీవ ద్వీపాంతరవాసం.

ఓడ ఎక్కేటప్పుడు జమాదారు, "ఏం చేసి వచ్చావు?" అని అడిగాడు.

"ఏటీ సెయ్యలేదు బాబూ" అన్నాడు జోగులు.

"అందరూ అదే అంటారు" అన్నాడు జమాదారు. ఓడలో ఉన్నవాళ్ళని అడిగితే నిజానికి ఎవరూ అలా అనలేదు. ఒకడు ఇద్దర్ని నరికానని చెప్పాడు, ఇంకొకడు ముగ్గుర్ని అని పోటీకి వచ్చాడు. అలా అన్నవాడు జోగులు ఒక్కడే.

ఆ ద్వీపం పేరు ఇక్కడ అనవసరం. చుట్టూ నల్లటి నీళ్ళు, మధ్యలో అడవి, అడవి కొట్టిన మేర బారకాసులు, ఒక గిడ్డంగి, ఒక కచేరీ. జోగులు అక్కడ అడవి కొట్టాడు, ఇటుకలు మోశాడు, కొబ్బరిపీచు దంచాడు. కొన్నేళ్ళు అలా గడిచాక కచేరీలోకి కొత్త సూపరింటెండు దొర వచ్చాడు. ఆయన పేరు పింబ్రీ.

పింబ్రీ దొర మంచివాడు. గొడవంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే కొరడాతో సరిపెట్టుకునేవాడు. ఈయన మాత్రం ఖైదీలను బాగుచేయాలనే పట్టుదలతో వచ్చాడు. వచ్చిన వారంలోనే అందరినీ మైదానంలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. దొర ఒక ముక్క అంటే, ద్విభాషి విశ్వపతి పంతులుగారు దాన్ని పది ముక్కలు చేసి తెలుగులో చెప్పేవారు.

"శ్రీ సూపరింటెండువారు సెలవిచ్చునదేమనగా," అన్నారు పంతులుగారు, తలపాగా సర్దుకుంటూ. "పులి మాంసాహారము మానినదని మనకెట్లు తెలియవలెను? బోనులో నున్నంతకాలము తెలియదు. దాని ముందు మేకను కట్టి చూడవలెను. అటులనే, దొంగ మారినాడని తెలియవలెనన్న వానికి వెండి చూపవలెను. కావున నేటినుండి ఈ ద్వీపమున ప్రలోభనపూర్వక పరివర్తన పరీక్ష అమలులోనికి వచ్చుచున్నది. ఎవడే నేరము చేసి వచ్చినాడో, ఆ నేరమునకు వలయు సరంజామా యావత్తు గవర్నమెంటువారే వానికి సరఫరా చేయుదురు. ఏడాదిపాటు వాడు ఆ నేరము చేయక నిగ్రహించుకొనినచో, విడుదల."

ఖైదీలకి మొదట అర్థం కాలేదు. అమలులో పెట్టాక అర్థమైంది.

ఇళ్ళు తగలబెట్టి వచ్చినవాడికి ఒక తాటాకు ఇల్లు ఇచ్చారు. చుట్టూ గడ్డి పరిపించారు. ప్రతి ఉదయం ఒక బంట్రోతు వెళ్ళి అతనికి కొత్త అగ్గిపెట్టె ఇచ్చి, నీళ్ళ బాల్చీతో చూరు కింద నిలబడేవాడు. దొంగ సంతకాలు పెట్టి వచ్చిన కరణానికి స్టాంపు కాగితాలూ, మంచి కలాలూ ఇచ్చి కచేరీలోనే కూర్చోబెట్టారు. కొన్నాళ్ళకి దొరగారి సంతకం దొరగారికంటే అతనే బాగా చేయడం మొదలుపెట్టాడు గాని, సొంతానికి చేసుకోలేదు గనక గట్టెక్కాడు. దారి కాసి కొట్టేవాడికి ఒక ఒంటరి బాట వేయించి ఇచ్చారు. దారి కొట్టడానికి బాటసారి కూడా ఉండాలి కాబట్టి, మూట నెత్తిన పెట్టుకొని ఆ బాట మీద పొద్దున్నించి సాయంత్రం దాకా అటూ ఇటూ నడవడానికి ఒక జవానును నియమించారు. అతను మూడోనాడు సెలవు చీటీ పెట్టుకున్నాడు.

పరీక్షకి ఎక్కినవాళ్ళకి బారకాసు తప్పింది. వేరే ఇల్లు, వంటపాత్రలు, పెరట్లో కూరపాదులు పెట్టుకునే వీలూ వచ్చాయి. అంచేత నేరాలు ఒప్పుకోడానికి కచేరీ ముందు బారులు తీరారు. చేసినవి చాలక చేయనివి కూడా కలిపి ఒప్పుకున్నారు.

జోగులు వంతు వచ్చింది.

"ఏమి నేరము చేసితివి?" అన్నారు పంతులుగారు.

"ఏ నేరమూ సెయ్యలేదు బాబూ."

పంతులుగారు దొరకి ఇంగ్లీషులో చెప్పారు. దొర మొహం దిగులుగా అయిపోయింది. కిటికీలోంచి సముద్రం కేసి చూసి, ఏదో మెల్లిగా అన్నాడు.

"వారు మిక్కిలి చింతించుచున్నారు," అన్నారు పంతులుగారు. "నేరము చేసినవాడు మారవచ్చును. చేయనివాడు దేనినుండి మారును? నీయందు దిద్దుటకేమియు లేదు. ఈ ద్వీపమంతటిలో దిద్దుటకు వీలుకాని మనిషివి నీవొక్కడవే."

దిద్దుటకు వీలుకాని వాళ్ళకి విడిగా ఒక బారకాసు ఉండాలని నిబంధన. జోగులు కోసం దాన్ని కట్టారు. ఇటుకలు అతనే మోశాడు.

ఇలా ఉండగా ఆడవాళ్ళ వార్డులోంచి నూకాలు అనే ఆమె పరీక్షకి దరఖాస్తు పెట్టుకుంది. కడుపుతో ఉన్నదాన్ని తాగొచ్చి తన్నిన మొగుణ్ణి రోకలితో కొట్టి వచ్చిన మనిషి. బిడ్డ దక్కలేదు, మొగుడూ దక్కలేదు. అడిగినవాళ్ళకి దాచకుండా చెప్పేది: "ఒక్క దెబ్బే బాబూ. రెండోదానికి ఆడు ఆగలేదు."

దొరగారు ఆ కేసు చదివి ఆలోచనలో పడ్డారు. భర్తను చంపిన స్త్రీ మారిందని తెలియాలంటే ఏం కావాలి? రోకలి కావాలి. అది గిడ్డంగిలో ఉంది. భర్త కావాలి. అది గిడ్డంగిలో లేదు.

"భర్త ఒకటి, రోకలి ఒకటి, ఇల్లు ఒకటి సరఫరా చేయవలసినది" అని కచేరీ ఉత్తర్వు చేసింది. భర్త ఉద్యోగానికి ఇష్టమున్నవాళ్ళు ముందుకు రావలసిందని బారకాసుల్లో దండోరా వేశారు. హంతకులూ, బందిపోట్లూ ఉన్న ద్వీపంలో ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి పెళ్ళి కానివాళ్ళందరినీ మైదానంలో వరసగా నిలబెట్టి, నూకాలే ఎంచుకోవలసిందిగా ఆదేశించారు.

నూకాలు వరస వెంట నడిచింది. పొట్టిది, చామనఛాయ, చూపు నిదానంగా ఉంటుంది. ఆమె దగ్గరికి వస్తుంటే ఒక్కొక్కడే దగ్గు మొదలుపెట్టాడు. ఒకడు క్షయ వచ్చినట్టు దగ్గాడు. ఇంకొకడు కుంటాడు. ముగ్గుర్ని నరికానని ఓడలో చెప్పినవాడు కళ్ళు తేలేసి పక్కవాడి మీద వాలిపోయాడు. జోగులు మామూలుగా నిలబడి ఉన్నాడు.

ఆమె ఆగింది. "నువ్వు దగ్గవేటి?"

"దగ్గు రాలేదు."

నూకాలు నవ్వింది. ద్వీపంలో అడుగుపెట్టాక ఆమె నవ్వడం అదే మొదలని తోటి ఆడవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. వెనక్కి తిరిగి, "ఈడు కావాల" అంది.

పంతులుగారు అడ్డుపడ్డారు. ఇల్లు పరీక్షార్థులకే ఇస్తారు. భర్త ఇంట్లో ఉండాలి. కాబట్టి భర్త కూడా పరీక్షార్థి అయి ఉండాలి. జోగులు నేరం ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాడు భర్త కావడానికి నిబంధన లేదు.

"ఒప్పుకోమని సెప్తాను. ఆడితో మాటాడనివ్వండి" అంది నూకాలు.

నూతి దగ్గర మాట్లాడుకోనిచ్చారు. కానిస్టేబు దూరంగా నిలబడ్డాడు, వీలైనంత దూరంగా.

"తీశానని సెప్పేస్తే ఏటవుతాది?" అంది నూకాలు.

"తియ్యలేదు గదా."

"నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"తీసినోడివైతే దగ్గేవోడివి."

జోగులు నూతి చప్టా మీద కూర్చున్నాడు. ఆ మాట తెలుసని అతనితో ఎవరూ అనలేదు అంతవరకు. అప్పుడు అన్నాడు: "కోర్టులో లేదన్నాను. ఓడలో లేదన్నాను. ఇక్కడా లేదన్నాను. నాకింకేటీ మిగల్లేదు నూకాలూ, ఆ మాట తప్ప."

"ఆ మాట నా దగ్గర దాసుకో. ఆళ్ళకి అబద్ధం సెప్పు, నాకు నిజం సెప్పు. ఇంటికి ఒక నిజం సాలదేటి?"

జోగులు ఆలోచించాడు. "మరి ఆ రోకలి?"

"ఒడ్లు దంపుకోడానికి" అంది నూకాలు.

మర్నాడు అతను కచేరీలో నిలబడి, "తీశాను బాబూ" అన్నాడు. రెండు మాటలే గాని, గొంతులోంచి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ ఆలస్యం చూసి అది పశ్చాత్తాపమేనని దొరగారికి రూఢి అయింది. కుర్చీలోంచి లేచి వచ్చి జోగులు చెయ్యి పట్టుకొని ఊపాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"శ్రీవారు ఆనందబాష్పములు విడుచుచున్నారు," అన్నారు పంతులుగారు. "ఎట్లు తీసితివో చెప్పుము."

"పంచె మడతలో దోపుకొని, పెరటి గుమ్మంలోంచి" అన్నాడు జోగులు. అది అతనికి బాగా తెలుసు.

పెళ్ళి కచేరీ వరండాలోనే జరిగింది. దొరగారు వధువుకి రోకలి బహూకరించారు. వరుడికి ఇవ్వవలసిన సామగ్రి మాత్రం ద్వీపంలో దొరికేది కాదు, వెండి పన్నీరుబుడ్డి. అసలు దానికి తక్కువైనదైతే ప్రలోభం కూడా తక్కువవుతుంది గనక, సరిగ్గా అలాంటిదే చెన్నపట్నం నుంచి తెప్పించమని గిడ్డంగి అధికారి కోదండపాణి నాయుడుగారికి ఉత్తర్వు ఇచ్చారు.

కోదండపాణి నాయుడుగారు ఖైదీ కాదు, జీతం పుచ్చుకునే ఉద్యోగి. బియ్యం, పప్పు, గుడ్డలు, పనిముట్లు, ద్వీపానికి వచ్చేదంతా ఆయన తాళాల కిందికి వెళ్ళి బయటికి వచ్చేది. లోపలికి వెళ్ళినంతా బయటికి వచ్చేది కాదు. ఆ తేడాని ఆయన ఎలకల కింద వేసేవారు. ఎలకలు బియ్యం తినడం ఎక్కడైనా ఉన్నదే. ఆ ద్వీపం ఎలకలు కంబళ్ళూ, పారలూ కూడా తినేవి.

రెండు ఓడలు వచ్చి వెళ్ళాక జోగులు గిడ్డంగికి వెళ్ళాడు. "పన్నీరుబుడ్డి వొచ్చిందా బాబూ?"

"అది ఎప్పుడో నీకు ముట్టింది" అన్నారు నాయుడుగారు.

"ముట్టలేదండీ."

"దస్తరంలో ముట్టింది. పో."

జోగులు పంతులుగారి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ఆయన కోప్పడ్డారు. "గవర్నమెంటువారి దస్తరములో నున్నది నీ ఇంట నున్నట్లే. నీ ఇంట లేకపోవుట నీ లోపము. అయినను నీకేమి కష్టము? ఉన్న వస్తువుపై ఆశపడకుండుట కష్టము గాని, లేనిదానిపై ఆశపడకుండుట సులభమే గదా!"

వారం వారం పంతులుగారే తనిఖీకి వచ్చేవారు. గుమ్మంలో కుర్చీ వేయించుకొని అడిగేవారు: "జోగులూ, ఈ వారము పన్నీరుబుడ్డిపై ఆశ పుట్టినదా?"

"లేనిదాని మీద ఎలా పుడతాది బాబూ?"

"పుట్టలేదు అని చెప్పుము."

"పుట్టలేదు."

"నూకాలూ, నీకు భర్తను కొట్టవలెనని తోచినదా?"

"మంగళారం ఒకసారి తోసింది బాబూ. కూరలో ఉప్పు ఎక్కువేసాడు."

పంతులుగారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవారు. "నిగ్రహించుకొంటివా?"

"తినీసాను."

వంట జోగులుదే. దివాణంలో పెరిగినవాడు కాబట్టి బచ్చలాకు, ఉల్లిపాయ పెట్టి నలుగురూ వాసన పట్టేలాంటి కూర చేసేవాడు. ఒడ్లు దంపడం నూకాలుది. తెల్లారగానే ఆమె రోకలి పోటు వేయడంతో, కాపలా కానిస్టేబు ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చి తలుపు తోసి, జోగులు తల చూసి, ఉన్నచోటే ఉందని రూఢి చేసుకొని వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి అతనికీ ఒక గిన్నెడు గంజి ఇవ్వడం అలవాటైంది. సాయంత్రాలు మొగుడూ పెళ్ళాలు గుమ్మంలో కూర్చునేవారు. "ఎవరు తీశారేటి ఆ బుడ్డి?" అని నూకాలు అడిగేది. తెలిసీ అడిగేది. "నరసరాజు బాబు" అనేవాడు జోగులు. "నువ్వు?" "నాను తియ్యలేదు." "అదీ" అనేది ఆమె. అంతే. ఆ తర్వాత ఇద్దరికీ నిద్ర బాగా పట్టేది.

ఏడాది తిరిగింది. తుది పరీక్షకి దొరగారు స్వయంగా వచ్చారు. వెంట పంతులుగారు, కానిస్టేబు, ఇద్దరు బంట్రోతులు, సామగ్రి వాపసు తీసుకోడానికి కోదండపాణి నాయుడుగారు. పెరట్లో కుర్చీలు వేశారు. నూకాలు పక్కన భర్త ఏడాదిపాటు బతికి ఉండడం చూసి దొరగారు పరమానందం పొందారు. తర్వాత జోగులు వైపు తిరిగి చెయ్యి చాపారు.

"పన్నీరుబుడ్డి తెమ్ము" అన్నారు పంతులుగారు.

"నాకివ్వలేదు బాబూ."

నాయుడుగారు లేచారు. "ఏడాది కిందటే స్వయంగా అప్పగించానండి. దొంగబుద్ధి ఎక్కడికి పోతుంది! అమ్ముకుని ఉంటాడు."

దొరగారి మొహం పాలిపోయింది. నమ్మిన బిడ్డ చెడిపోయినట్టు జోగులును చూశాడు. జోగులు నోరు తెరిచాడు. 'నాను తియ్యలేదు' అనాలి. ఆ మాట అనడానికి అతనికి అంత అలవాటు ఉండేది, ఇప్పుడు అనలేకపోయాడు. ఒకసారి తీశానని తన నోటితో ఒప్పుకున్నవాడు రెండోసారి లేదంటే ఎవరు వింటారు? కోర్టులో నిలబడ్డ రోజున కూడా అతనికి అంత ఒంటరితనం తెలియలేదు. నిలబడ్డచోటే తల వంచుకున్నాడు.

నూకాలు గోడకి ఆనించి ఉన్న రోకలి అందుకుంది.

ఏడాదిగా ఎదురుచూస్తున్న ప్రమాదం వచ్చేసిందని అందరికీ అర్థమైంది. కానిస్టేబు ఈల ఊదాడు. దొరగారు కుర్చీ తన్నేసి లేచి "నో! నో!" అని అరిచారు. బంట్రోతులిద్దరూ జోగులు మీద పడి, అతన్ని నేలకి అదిమి, తమ ఒళ్ళు అడ్డం పెట్టారు. పంతులుగారు కూడా ఆవేశంలో తన గొడుగు జోగులు తల మీద విప్పి పట్టారు. అంత గట్టిగా భర్తను కాపాడడంలో, కోదండపాణి నాయుడుగారు నిలబడ్డ వైపు ఎవరూ చూడలేదు.

నూకాలు తిన్నగా అక్కడికి వెళ్ళి ఆయన భుజం మీద ఒకటి వేసింది.

"ఎక్కడుంది?"

"ఓరి నాయనోయ్! మా ఇంట్లో! మా ఇంట్లో ఉంది తల్లీ!"

బంట్రోతులు వెళ్ళి తెచ్చారు. నాయుడుగారి భార్య దాంట్లో నూనె పోసి దోసెల పెనం మీద చల్లుకుంటోంది. ఆవిడకి అది చాలా వీలుగా ఉందట, ఇవ్వనని కాస్త గొడవ కూడా చేసింది.

కచేరీ మూడు రోజులు ఆలోచించి తీర్పు చెప్పింది. పంతులుగారు చదివారు.

"ఒకటి: నూకాలు అను స్త్రీ భర్తను కొట్టలేదు. నిబంధనయందు 'భర్తను' అని మాత్రమే కలదు. కావున ఆ పరీక్షయందు ఉత్తీర్ణురాలు. అయితే గిడ్డంగి అధికారిని కొట్టుట క్రొత్త నేరము. దానికి క్రొత్త పరీక్ష. గిడ్డంగి అధికారి ఎదుట రోకలితో ఏడాది కూర్చుండి, ఆయనను కొట్టక నిగ్రహించుకొనవలెను."

"రెండు: కోదండపాణి నాయుడు అనువాడు గిడ్డంగి సొత్తు అపహరించిన నేరస్థుడు. వానికిని పరీక్ష తప్పదు. ఆ నేరమునకు వలయు సరంజామా గిడ్డంగియే గనుక, తాళములన్నియు వాని చేతికే తిరిగి యిచ్చి, ఏడాది వానినచ్చటనే యుంచవలెను. ఉభయ పరీక్షలును ఒక్కచోటనే జరుగుట గవర్నమెంటువారికి సౌకర్యము."

ఇలా దొంగతనం రుజువైన నాయుడుగారు తన ఉద్యోగంలోనే ఉన్నారు. తేడా ఒక్కటే, ఎదురుగా ముక్కాలిపీట మీద నూకాలు, ఆమె ఒళ్ళో రోకలి. ఆమె ఏమీ అనేది కాదు. అనకూడదు, పరీక్ష గదా. నాయుడుగారు బియ్యం కొలిచేటప్పుడు కుంచం మీద చెయ్యి ఆన్చి, ఒకసారి ఆమెకేసి చూసి, చెయ్యి తీసేసి, ఇంకో దోసెడు పోసేవారు. ఆ నెల ఖైదీలు మొదటిసారిగా కడుపునిండా తిన్నారు. ఎలకలన్నీ ఒక్కసారిగా ఎక్కడికి పోయాయో తెలియక పింబ్రీ దొర పైవాళ్ళకి రాసే నివేదికలో ఆశ్చర్యం వెలిబుచ్చాడు.

తీర్పులో మూడోది జోగులు గురించి. అతను అన్ని విధాలా నెగ్గాడు. సంపూర్ణంగా మారిన మనిషి. వచ్చే ఓడలో ఇంటికి పోవచ్చు. దొరగారు స్వయంగా కొత్త పంచె ఇచ్చారు.

"నూకాలో?" అన్నాడు జోగులు.

"ఆమె ఖైదీ. ఇచ్చటనే యుండును."

"అయితే నానూ ఉంటాను బాబూ. నా ఇల్లు ఇదే గదా."

"వీలులేదు. ఇది నేరస్థుల ద్వీపము. నేరము లేనివానికి ఇచ్చట నిలుచు హక్కు లేదు. నీవు మారితివి. పొమ్ము."

జోగులు పంచె చేత్తో పుచ్చుకున్నాడు. బయట గిడ్డంగి వైపు చూశాడు. తర్వాత ఆ పంచెను మడత పెట్టి దొరగారి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"ఒక మాట సెప్పాల బాబూ. రాజావారి పన్నీరుబుడ్డి నాను తియ్యలేదు."

పంతులుగారు నిర్ఘాంతపోయారు. "ఏడాది క్రిందట ఈ గదియందే తీసితినని చెప్పితివే!"

"అబద్ధం సెప్పాను."

"గవర్నమెంటువారి ఎదుటనా?"

"ఎదట్నే బాబూ. ఆరి మొహం సూసి సెప్పాను."

పంతులుగారు తర్జుమా చేశారు. దొరగారు మొదట కూలబడ్డారు. నుదురు పట్టుకున్నారు. మెల్లిగా తల ఎత్తేసరికి ఆయన కళ్ళల్లో వెలుగు వచ్చింది. ఇన్నాళ్ళూ దిద్దడానికి ఏమీ లేదనుకున్న మనిషిలో అసలు సిసలైన నేరం ఒకటి దొరికింది. గవర్నమెంటుతో అసత్యం! ఆయన అప్పటికప్పుడు పరీక్ష ఏర్పాటు చేశారు.

"అబద్ధమాడువానికి వలయు సరంజామా ప్రశ్న," అన్నారు పంతులుగారు. "వారమునకొకమారు నిన్నిచ్చటికి పిలిపించి, బుడ్డి తీసితివా అని అడుగుదుము. తీసితినని పలికితివా, అదే రోజు ఓడయెక్కి స్వేచ్ఛగా పోవచ్చును. ఇది ప్రలోభము. నిజము పలికితివా, ఇచ్చటనే యుందువు. నిజము చెప్పుట ఒక్క ఏడాదిలో రుజువగునది కాదు గనుక, ఈ పరీక్ష నీ యావజ్జీవము సాగును."

నూకాలు పరీక్ష కూడా పొడిగిస్తూనే పోయారు. నాయుడుగార్ని కొట్టాలని తోచిందా అని పంతులుగారు వారం వారం అడిగేవారు. తోచిందనే ఆమె ప్రతిసారీ నిజం చెప్పేది. కోరిక పూర్తిగా నశించేదాకా పరీక్ష ముగియదని కచేరీ తేల్చింది.

మొదటి వారం జోగులును పిలిచారు. దొరగారు కుర్చీలో కూర్చున్నారు. పంతులుగారు తలపాగా సర్దుకొని అడిగారు: "జోగులూ, కొత్తగెడ్డ రాజావారి వెండి పన్నీరుబుడ్డి నీవు తీసితివా? బాగుగా ఆలోచించుకొనుము. ఓడ రేవులోనే యున్నది."

"లేదు బాబూ. నాను తియ్యలేదు."

దొరగారు తల ఊపి, "నిజము చెప్పినాడు" అని రాయించారు. "ఇంక పొమ్ము" అన్నారు పంతులుగారు.

జోగులు కదల్లేదు. ఆ మాటని నిజమని దస్తరంలో రాయడం అదే మొదలు. గోడకి చెయ్యి ఆన్చుకుని నిలబడ్డాడు. ఒంట్లో బాగాలేదేమోనని పంతులుగారు నీళ్ళు తెమ్మని బంట్రోతును కేకేశారు. నీళ్ళు వచ్చాయి. జోగులు పుచ్చుకోలేదు.

"ఇంకోపాలి అడగరా బాబూ?" అన్నాడు.

"నిబంధన ప్రకారము వారమునకొకమారే," అన్నారు పంతులుగారు.

జోగులు ఏమన్నాడని దొరగారు పంతులుగారిని అడగలేదు. జోగులు మొహం కేసి కాసేపు చూసి, తర్జుమా కోసం ఆగకుండా, తన వచ్చీ రాని తెలుగులో తానే అడిగారు.

"జోగులు. నువ్వు తీసినావు?"

"లేదు బాబూ" అన్నాడు జోగులు.